పట్టుకోని కరెంటు

మార్కాపురం,
12 జూన్ 2023.

మాలకొండయ్యకు,

మామా అని రాయడానికి చెయ్యి రాలేదు. అందుకే పేరు రాసినా.

నాయన పోయి ఐదు నెలలయింది. నిన్ను ఒంగోలు జైలుకు తీసుకుపోయిన రోజు స్టేషను ముందర నేను కూడా ఉన్నా. నువ్వు నన్ను చూసి తల దించుకున్నావు. నా తల్లి తోడబుట్టినోడివైనా సరే, ఇక నీతో జన్మలో మాట్లాడకూడదని ఆరోజే అనుకున్నా. ఈ ఉత్తరం నీ కోసం కాదు, నా పని కోసం.

మొన్న పెద్దారవీడు దిక్కు ఒక చేలో ఇంకో మనిషి చచ్చిపోయినాడు. అడవి పందుల కోసం చేను చుట్టూ కట్టిన తీగ, కరెంటు లైను మీద వేసిన కొక్కెం, అన్నీ నువ్వు చేసినట్టే. నేను పోయి చూసినా. మడమ కాడ ఎముక కనపడుతుంది. ఆయన పెళ్లాం ఆ కాలును కొంగుతో కప్పుతుంది, గాలికి కొంగు తొలిగిపోతుంది, మళ్లీ కప్పుతుంది.

నాయన చెయ్యి మతికొచ్చింది. నువ్వు చూసి ఉండవు, ఊరోళ్లు అప్పటికే నిన్ను రోడ్డు మీదికి ఈడ్చినారు. నాయన వేళ్లు తీగ చుట్టూ బిగుసుకొని ఉన్నాయి. మా చెంచయ్యన్న ప్లేయరుతో తీగను రెండు పక్కలా కోసినాడు గానీ పిడికిలి విప్పలేకపోయినాడు. ఆ ముక్క పిడికిట్లో ఉండగానే పూడ్చినాం.

నేనిప్పుడు శేషాద్రి గారి దుకాణంలో మోటారు స్టార్టర్లు బాగు చేస్తున్నా. పందులు ఆగవు. అవి ఆగకపోతే ఈ తీగలూ ఆగవు. కొట్టి వదిలేసే కంచె కావాల. బ్యాటరీ మీద నడిచేది, సెకనుకు ఒక్క దెబ్బ, అది రెప్ప కొట్టేంత సేపు కూడా ఉండకూడదు. లైను కరెంటు మనిషిని పట్టుకుంటది, ఇది పట్టుకోదు. కంపెనీ పెట్టెలు ఉన్నాయి, మన దిక్కు మెట్ట రైతు కొనేటట్టు లేవు. అందుకే లోపలి సర్క్యూట్ బోర్డు నేనే గీసి, నేనే అచ్చు వేద్దామని కూర్చున్నా.

గీసే సాఫ్ట్‌వేర్ కాడే ఆగిపోయినా. దుకాణం కంప్యూటర్లో ఎవరో వేసిన దొంగ కాపీ ఉంది. పదిరోజులు గీసినా, ఒకరోజు తెరిస్తే ఫైలు లేదు, కంప్యూటరంతా వైరస్. అసలుది కొనాలంటే నా జీతం ఏడాదంతా పొయ్యాల. ఇంకొకటి ఉచితమే గానీ అరచేతిలో సగం కంటే పెద్ద బోర్డు గీయనియ్యదు. మూడోది నెట్‌లోనే గీయాల, మన బొమ్మ వాళ్ల దగ్గరే ఉంటది, రేపు వాళ్లు తలుపు మూస్తే పోయినట్టే.

నువ్వు పుల్లలచెరువులో రేడియో దుకాణం పెట్టినప్పుడు చేత్తో బోర్డులు గీసినావు. నాకు సోల్డరింగ్ పట్టించింది కూడా నువ్వే. పెద్ద ఓల్టేజీ పక్కన చిన్న ఓల్టేజీ ఉంటే గీతల మధ్య ఎంత ఖాళీ ఇయ్యాల? అది రాయి చాలు.

కాటమరాజు కూతురు
మస్తానమ్మ

*

ఒంగోలు జైలు,
27 జూన్ 2023.

చిరంజీవి మస్తానమ్మకు,

నీ ఉత్తరం అందింది. నా అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోవద్దు. కుడిచేతి మూడు వేళ్లు అతుక్కున్నాయి గానీ ముడుచుకోవడం లేదు. ఆరోజు నా చెయ్యి బండరాయి మీద పెట్టించి రోకలిబండతో కొట్టినారు. మొదటి దెబ్బకు నొప్పి తెలిసింది, రెండో దెబ్బకు చప్పుడు తెలిసింది, మూడోది నాకు మతి లేదు. కొట్టినోళ్లలో మన చెంచయ్య ఉన్నాడు. వాణ్ణి తప్పు పట్టను.

ఇక్కడ కూడా నన్ను ఒకడు కొట్టినాడు. వాళ్లన్న కూడా ఇట్లాంటి తీగ మీదే పోయినాడంట. అన్నం ప్లేటుతో నుదుటి మీద కొట్టినాడు, ఐదు కుట్లు పడినాయి. జైలు సార్లు అడిగితే జారి పడినా అని చెప్పినా.

నీ పని సంగతి. రెండు గీతల మధ్య బియ్యపు గింజ పొడుగంత ఖాళీ వదులు. అది కూడా నమ్మొద్దు. వానాకాలం తేమకు, చీమలకు ఆ ఖాళీ మీద కరెంటు పాకుతది. మూడొందల ఓల్టులు ఉండే సగానికి, పన్నెండు ఓల్టులు ఉండే సగానికి మధ్యలో బోర్డునే రంపంతో సన్నగా కొయ్యి. గాలి ఉన్నచోట పాకడానికి నేల ఉండదు.

ఇంకొకటి, అన్నిటికంటే ముఖ్యం. టైమరు చెడిపోయిందనుకో, అప్పుడు కంచె చచ్చిపోవాల, మనిషి కాదు. కెపాసిటర్ కరెంటుతో నిండాల, ఒక్కసారి ఖాళీ కావాల, మళ్లీ నిండితేనే మళ్లీ కొట్టాల. ఏది కాలిపోయినా తీగలోకి ఆగకుండా కరెంటు పోయే దారి అసలు గీయొద్దు. ఆ బొమ్మ వెనకపక్క వేసినా చూసుకో.

సాఫ్ట్‌వేర్లు నాకు తెలియవు. నేను గీసినప్పుడు గోళ్ల రంగుతో గీసేవాణ్ణి. ఇక్కడ కంప్యూటర్ నేర్పే సారు ఒకాయన వస్తాడు. అడిగితే కైక్యాడ్ అని ఒకటి ఉంది, పూర్తిగా ఉచితం, సైజు అడ్డం లేదు, బొమ్మ మన కంప్యూటర్లోనే ఉంటది అన్నాడు. కంప్యూటర్ పాతదైతే పాత రకం వేసుకోమన్నాడు.

బావ సంగతి రాసినావు. ఆరోజు నాకు జొరమొచ్చి పండుకున్నా తల్లీ. తెలిసి ఉంటే పరిగెత్తుకొచ్చేవాణ్ణి. అక్కకు చెప్పు.

మాలకొండయ్య

*

మార్కాపురం,
9 ఆగస్టు 2023.

మామకు,

కైక్యాడ్ పనికొచ్చింది. కొత్తది వేస్తే దుకాణం కంప్యూటర్ ఊపిరాడక ఆగిపోయింది. పాత రకం వేసినా, నడుస్తుంది. నేర్చుకోవడానికి ఇరవై రోజులు పట్టింది. గీతకు గీతకు ఎంత ఖాళీ ఉండాలో దానికి ముందే చెప్పి పెడితే, నేను దగ్గరగా గీసినచోటల్లా బాణం గుర్తు వేసి చూపిస్తది. నువ్వు చెప్పిన బియ్యపు గింజను మిల్లీమీటర్లలో కొలిచి దానికి చెప్పినా. మొదటిరోజు ముప్పైనాలుగు బాణాలు వచ్చినాయి.

అచ్చు వేయడం కాడ మళ్లీ దెబ్బ తిన్నా. జిరాక్స్ దుకాణంలో లేజర్ ప్రింటు తీయించి, నున్నటి కాగితాన్ని రాగి రేకు మీద పెట్టి, ఇస్త్రీ పెట్టెతో అదిమి, నీళ్లలో నానబెట్టినా. కాగితం ఊడొచ్చింది, గీతలు రాగి మీద నిలిచినాయి. యాసిడ్‌లో వేసి మిగతా రాగి తినిపించినా. అంతా అయినాక చూస్తే చిప్ కాళ్లు రంధ్రాల్లో దిగవు. ప్రింటరు బొమ్మను పేజీకి సరిపోయేటట్టు కొంచెం కుదించిందంట. జిరాక్స్ ఆయనకు తెలియదు, నాకు తెలియదు. రెండోసారి నూటికి నూరు శాతం అని పెట్టించి తీసినా. దిగినాయి. శేషాద్రి గారు కళ్లద్దాలు పెట్టుకొని చూసి, "దీన్ని నువ్వే చేసినావంటే కొనేవాడు నమ్మడమ్మా" అన్నాడు.

ఓల్టేజీ పెంచడానికి పాత ఆటో ఇగ్నిషన్ కాయిల్ తగిలించి, తీగను నా చేత్తోనే పట్టుకున్నా. రోకలితో మోచెయ్యి మీద కొట్టినట్టు ఉంది. చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. అప్పుడు ఏడుపొచ్చింది. నాయన చెయ్యి ఇట్ల వెనక్కి వచ్చి ఉంటే అనుకున్నా.

ఇప్పుడు చెప్పకూడదనుకున్న సంగతి చెప్తా. పోయిన నెల చెంచయ్యన్న మీ గడ్డివాము తగలబెట్టినాడు. మీ ఇంట్లోంచి రాములమ్మత్త బిందెతో నీళ్లు మోసుకొస్తే బిందె లాక్కొని దాంతోనే ఆమె వీపు మీద కొట్టినాడు. ఆమె కిందపడినాక కూడా కొట్టినాడు. నేను అక్కడే ఉన్నా. ఆదివారమని ఊరికి పోయి ఉన్నా. అడ్డం పోలేదు. నాలో ఒక మనిషి కొట్టనీ, కొట్టనీ అంటా ఉన్నది. అత్త నన్ను చూసింది, పిలవలేదు. పక్కటెముక విరిగింది. మార్కాపురం ఆసుపత్రికి నేనే తీసుకొచ్చినా. పశువుల గాటి కొయ్యకు తగిలి పడినా అని డాక్టరుకు ఆమే చెప్పింది. మీ ఇంట్లో అందరూ పడిపోయినా అనే చెప్తారు.

మిగతాది ఈ ఉత్తరంలో రాయలేను. మీ సార్లు చదువుతారు కదా.

మస్తానమ్మ

*

ఒంగోలు జైలు,
30 ఆగస్టు 2023.

మస్తానమ్మా,

సార్లు చదివినాకే ఈ ఉత్తరం నీకొస్తది. చదవనీ. తెలిసే రాస్తున్నా.

మీ అత్త వీపు మీద పడిన దెబ్బ నాకు పడాల్సింది. అది చదివినాక మూడు రోజులు అన్నం దిగలేదు. నువ్వు నిలబడి చూసినా అని రాసినావు. ఆ మాట రాయడం నీకు ఎంత కష్టమో నాకు తెలుసు. ఎందుకంటే నేను రాయలేకపోయిన మాట కూడా అట్లాంటిదే.

నాకు జొరం లేదు. నేను పండుకోలేదు.

అంతకు ముందురోజు పందులు అరెకరం కంది తొక్కినాయి. ఆ కోపంలో ఆరోజు పొద్దు గూకకముందే కొక్కెం వేసినా. అరుగు మీద కూర్చొని బీడీ ముట్టించినా. చేను దిక్కు నుంచి గొర్రె అరుపు వినపడింది. గొర్రెల కాపరుల ఇంట్లో పుట్టినోణ్ణి, పంది అరుపుకు గొర్రె అరుపుకు తేడా తెలియదని ఎట్ల చెప్పుకోను? గొర్రె అని తెలిసింది. ఎవరిదో మంద చేలో పడిందిలే, ఒకటో రెండో చస్తే ఇంకోసారి రారు అనుకున్నా. ఇంకో గొర్రె అరిచింది. ఆ తర్వాత ఇంకోటి. నేను లేవలేదు. బీడీ అయిపోయేదాకా కూర్చున్నా.

మనిషి అరుపు వినపడలేదు. కరెంటు పట్టుకున్న మనిషికి గొంతు రాదని నాకు తెలుసు, ఐటీఐలో మొదటి ఏడాదే చెప్పినారు. గొర్రె ఉన్నచోట కాపరి ఉంటాడని కూడా తెలుసు. తెలిసినదంతా ఆ కాసేపు నాకు తెలియకుండా పోయింది. లేచి కొక్కెం తీసి చేలోకి పోతే బావ మోకాళ్ల మీద ఉన్నాడు, ఒక చెయ్యి గొర్రె మెడ మీద, ఒక చెయ్యి తీగ మీద. గొర్రెను లాగబోయినాడు. ఒళ్లు ఇంకా వెచ్చగా ఉంది. నేను మొదటి గొర్రె అరుపుకే లేచి ఉంటే బతికేవాడో లేదో, దేవుడికే తెలియాల. రోజూ అదే లెక్క వేస్తున్నా.

పోలీసులకు, లాయరుకు, నీకు, అందరికీ పండుకున్నా అనే చెప్పినా. లాయరు వచ్చేవారం బెయిల్ వస్తదంటున్నాడు. ఇంటికొస్తే అక్క మొహం చూడాల. చూసేముందు నీకు తెలియాలని రాసినా.

మాలకొండయ్య

*

గుట్టకిందపల్లె,
19 సెప్టెంబరు 2023.

మాలకొండయ్య మామకు,

నీ ఉత్తరం వచ్చి పద్దెనిమిది రోజులయింది. ఇన్నాళ్లు ఎందుకు రాయలేదో చెప్తా. కుడి దవడ వాచి ఉంది, రెండు పళ్లు పోయినాయి. కూర్చొని రాయడానికి ఇవాళే కుదిరింది.

నీ ఉత్తరం చదివినాక దాన్ని బ్యాగులో పెట్టి ఊరికి తెచ్చినా, అమ్మకు చదివి వినిపిద్దామని. చదివే ధైర్యం రాలేదు. నేను నీళ్లకు పోయినప్పుడు చెంచయ్యన్న బ్యాగు తీసి చదివినాడు. తిరిగొచ్చేసరికి ఉత్తరం మంచం మీద ఉంది, అన్న లేడు. సాయంత్రం వచ్చి అన్నం తిన్నాడు. నువ్వు బెయిలు మీద ఏ రోజు వస్తావని మాత్రం అడిగినాడు. మంగళవారమని అత్త నోట విని ఉన్నా, అదే చెప్పినా. అది నేను చేసిన తప్పు.

మంగళవారం తెల్లారుజామున లేస్తే అన్న పక్క ఖాళీ. నాయన పాత తీగ చుట్ట దూలం మీద ఉండేది, అది కూడా లేదు. చెప్పుల్లేకుండానే పరిగెత్తినా. మీ ఇంటి ముందర ఇనుప తడిక చూసినా. దానికి తీగ చుట్టి ఉంది. అన్న స్తంభం కింద వెదురుకర్ర పట్టుకొని నిలబడి ఉన్నాడు. కొక్కెం అప్పటికే వేసినాడు.

"నీ తీగ తగిలి ముందు చచ్చేది ఎవరు? పొద్దున్నే తడిక తీసేది రాములమ్మత్త" అన్నా.

"చావనీ" అన్నాడు.

"ఆమె ఏం చేసింది?"

"మన నాయన ఏం చేసినాడు?"

వెదురుకర్ర లాక్కోబోయినా. మోచేత్తో నా దవడ మీద కొట్టినాడు. నోట్లో పళ్లు విరిగి నాలుక కిందికి వచ్చినాయి. మళ్లీ పోయినా. జుట్టు పట్టి నేలకేసి కొట్టినాడు. చిన్నప్పుడు నన్ను భుజం మీద ఎక్కించుకొని తిరిగిన మనిషి, నా గొంతు మీద మోకాలు పెట్టినాడు. ఆ చప్పుడుకు ఇంట్లో దీపం వెలిగింది. అత్త తలుపు తీసింది. "ఎవరది?" అంటా తడిక దిక్కు వస్తుంది. నాకు గొంతు పెగలడం లేదు. చేతికి దొరికిన రాయితో అన్న కణత మీద కొట్టినా. మెత్తగా కొట్టలేదు. చంపినా పర్వాలేదనే కొట్టినా. పక్కకు ఒరిగినాడు. కర్ర తీసుకొని కొక్కెం లాగినా. కొక్కెం ఊడినప్పుడు నిప్పు రాలింది. అత్త చెయ్యి తడికకు జానెడు దూరంలో ఉంది.

అన్న లేచి కూర్చున్నాడు. చెవి మీదుగా రక్తం కారుతుంది. నన్ను చూసి, "నువ్వు కూడా వాళ్ల మనిషివేనా" అన్నాడు. ఏడ్చినాడు. నాయన పోయినప్పుడు కూడా అన్న ఏడవలేదు మామా.

పుల్లలచెరువు స్టేషనుకు పోయి నేనే రాయించినా. అన్న మీద నేనే కేసు పెట్టినా. అన్న కూడా చేసిందంతా ఒప్పుకున్నాడు. నా రాయి సంగతి కూడా చెప్పినా. పడిపోయినా అని చెప్పలేదు. ఊర్లో ఆడోళ్లు నన్ను చూసి మొహం తిప్పుకుంటున్నారు. నువ్వు ఆ మంగళవారం రాలేదని, బెయిల్ కాగితాలు ఆగినాయని సాయంత్రం తెలిసింది.

ఇప్పుడు అమ్మ మాట. నీ ఉత్తరం ఆమెకు చదివినా. గొర్రె అరుపుల కాడికి వచ్చేసరికి ఆపమంది. కాసేపు వాకిట్లోకి పోయి నిలబడింది. మళ్లీ వచ్చి మొత్తం చదవమంది. చదివినాక ఇట్ల అన్నది: "నీకు రాసుకుంటే ఏం లాభం? జడ్జి ముందర చెప్పమను. నా కొడుకు చేసింది చెప్పినాడు, నా కూతురు చేసింది చెప్పింది. నా తమ్ముడొక్కడే పండుకోనుండాడా?"

నేనింకేం రాయను.

మస్తానమ్మ

*

నెల్లూరు జైలు,
22 జనవరి 2024.

మస్తానమ్మా,

బెయిల్ వచ్చింది, నేను పోలేదు. పూచీ ఇచ్చేవాళ్లు వద్దని లాయరుకు చెప్పినా. ఆయన తిట్టినాడు. కేసు గెలిచేటట్టుంది, నిద్రలో ఉన్నానన్న ఒక్క మాట మీద నిలబడు చాలు అన్నాడు. ఆ మాట మీదే నిలబడలేనని చెప్పినా.

కోర్టులో జడ్జిగారు అడిగినప్పుడు లేచి నిలబడి మొత్తం చెప్పినా. బీడీ సంగతి కూడా. చెప్తుంటే టైపు కొట్టే ఆమె ఒకసారి ఆగి నా మొహం చూసింది, మళ్లీ కొట్టింది. జడ్జిగారు, "మీకు ఎవరైనా ఇట్ల చెప్పమన్నారా?" అని అడిగినాడు. "మా అక్క చెప్పమంది. చనిపోయినాయన భార్య" అన్నా.

ఏడేళ్లు వేసినారు. ఒంగోలు నుంచి ఇక్కడికి మార్చినారు. చెంచయ్య మీద నాకు కోపం లేదని, వాడి కేసులో నేను రాసియ్యాల్సింది ఏమైనా ఉంటే రాసిస్తానని లాయరుకు చెప్పినా. వాడు మీ అత్తకు ఇంకోసారి ఎదురుపడకూడదు, అది మాత్రం చూడు.

నా చేను బీడు పెట్టొద్దు. కౌలుకు ఇచ్చినా సరే, ఎవరికిచ్చినా లైను మీద కొక్కెం వేయనని రాయించుకోమని మీ అత్తకు చెప్పు.

నీ పళ్ల సంగతి చదివినా.

మాలకొండయ్య

*

గుట్టకిందపల్లె,
3 మార్చి 2024.

మామకు,

నీ చేను కౌలుకు ఇయ్యలేదు. నీ ఉత్తరం రాకముందే, కార్తీకంలోనే రాములమ్మత్త, అమ్మ కలిసి శనగ వేసినారు. ఇద్దరూ మాట్లాడుకోరు. ఒకరు ఈ చివర, ఒకరు ఆ చివర చెట్లు పీక్కుంటా వస్తారు, మధ్యలో కలిసినప్పుడు నీళ్ల చెంబు ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుంటారు. అంతే.

కంచె పెట్టినా. ప్లాస్టిక్ పైపు ముక్కలు కోసి గుంజలకు కట్టి, వాటి మీద తీగ లాగినా. బోర్డు అత్త ఇంటి చూరు కింద ఉంది. రెండో వారంలో పంది వచ్చింది. మూతి తగిలించి, గొంతు చించుకొని అరిచి, గుట్ట దిక్కు ఉరికింది. పక్క చేలో ఆయన మరుసటిరోజు వచ్చి తీగ ముట్టుకొని చూసినాడు. చెయ్యి విదిలించుకొని ఒక బూతు తిట్టి, నాకూ ఒకటి చేసియ్యమన్నాడు. ఇప్పటికి పదకొండు బోర్డులు చేసినా. కైక్యాడ్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి ముండ్లమూరు నుంచి వచ్చిన ఒకామెకు కూడా ఇచ్చినా. నూటికి నూరు శాతం అని పెట్టి ప్రింటు తీయమని ఆ కవరు మీద పెద్దగా రాసిచ్చినా. అయినా అందరూ మారలేదు. వాగు అవతల ఇద్దరు ఇంకా లైను మీదే కొక్కెం వేస్తున్నారు. నేను పోయి అడిగితే ఒకాయన గొడ్డలి తీసినాడు. మళ్లీ పోతా.

చెంచయ్యన్న బెయిల్ మీద వచ్చినాడు. ఊర్లో ఉండొద్దన్నారు, గిద్దలూరులో ఉంటున్నాడు. నాతో మాట్లాడడు. చెవి సరిగా వినపడదంట. నా రాయి దెబ్బకే. పోయిన వారం పోయి డాక్టరు దగ్గరికి తీసుకుపోయినా. దారంతా నా ముందర నడిచినాడు, వెనక్కి తిరిగి చూడలేదు. రోడ్డు దాటేటప్పుడు మాత్రం లారీ వస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపినాడు.

నీ ఉత్తరం అమ్మకు చదివినా. జడ్జిగారితో నువ్వు చెప్పిన మాటలు రెండుసార్లు చదివించుకుంది. నెల్లూరు వచ్చి నిన్ను చూస్తావా అని అడిగినా. రానంది. ఇప్పుడే కాదు, ఎప్పుడూ రానని రాయమంది. నా మొగుడు వెచ్చగా ఉండగా బీడీ తాగినోడి మొహం నేను చూడలేను, అదే మాట రాయి అంది. అదే రాసినా.

ఉత్తరం మడుస్తుంటే వాకిలి కాడి నుంచి మళ్లీ పిలిచింది. వెనక్కి తిరక్కుండానే అన్నది, "తింటున్నాడో లేదో అడుగు."

అడుగుతున్నా. తింటున్నావా?

మస్తానమ్మ